కళ్లారా చూసిన కళాశాల: ప్రాంగణ సందర్శన విద్యార్థి నిర్ణయాన్ని ఎలా మారుస్తుంది?

గుజరాత్‌లోని సూరత్ జిల్లా, పల్సానా తాలూకాలో జోల్వా ఒక పారిశ్రామిక గ్రామం. కడోదరాకు సమీపంలో, జౌళి పరిశ్రమల నడుమ ఉన్న ఈ ఊరి నుంచి సూరత్ నగరంలోని సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక విద్యాసంస్థకు ఒక పూటలో వెళ్లి రావచ్చు. వరంగల్‌లోని జాతీయ సాంకేతిక విద్యాసంస్థకు మాత్రం రైలులో దాదాపు వేయి కిలోమీటర్లు ప్రయాణించాలి. అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్, వరంగల్ రెండింటినీ కలుపుతుంది. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం సూరత్ వచ్చి మరమగ్గాలపై స్థిరపడిన కుటుంబాలకు ఆ రైలు సుపరిచితమే. బిడ్డ పన్నెండో తరగతి పూర్తి చేసిన వేళ ఆ కుటుంబాల ముందు నిలిచే ప్రశ్న కూడా ఈ రెండు దూరాల మధ్యదే. బంధువుల మాట విని సొంత ప్రాంతానికి పంపాలా, దగ్గరలో ఉన్నా ఎన్నడూ లోపల అడుగుపెట్టని కళాశాలలో చేర్చాలా?

ఇలాంటి నిర్ణయాలు చాలావరకు చూడకుండానే జరుగుతాయి. ర్యాంకును బట్టి, తెలిసినవారి సలహాను బట్టి, ప్రకటనను బట్టి కళాశాల పేరు ఖాయమవుతుంది. ప్రవేశాలు ఆన్‌లైన్‌లోకి మారిన తర్వాత దరఖాస్తు నుంచి సీటు కేటాయింపు వరకు ఇంటి నుంచే పూర్తిచేయవచ్చు. అది పెద్ద సౌకర్యమే. అయితే నాలుగేళ్లు గడపబోయే చోటును చేరిన రోజునే మొదటిసారి చూసే విద్యార్థులు కూడా దీనివల్ల ఎక్కువయ్యారు. చేరకముందే ఒక్కసారి ప్రాంగణాన్ని చూసి వచ్చినవారి ఆలోచన ఎందుకు మారుతుంది, ఆ మార్పును ఎంతవరకు నమ్మవచ్చు అన్నది తెలుసుకోవలసిన విషయం.

చూపు చేసే పని

చూడని కళాశాల విద్యార్థి మనసులో ఒక పేరుగా మాత్రమే ఉంటుంది. ఆ పేరు చుట్టూ గొప్పలైనా, భయాలైనా పోగుపడతాయి. దూరపు కొండలు నునుపన్న సామెత ఒక వైపే చెబుతుంది. తరతరాలుగా కళాశాల గడప తొక్కని ఇళ్లలో దూరపు కొండ నునుపుగా కంటే నిటారుగానే ఎక్కువ కనిపిస్తుంది. అక్కడ అందరూ ఇంగ్లీషులోనే మాట్లాడతారేమో, ఫీజు మోయలేమేమో, మనలాంటివారు ఎవరూ ఉండరేమో అన్న అనుమానాలు దరఖాస్తు దశలోనే విద్యార్థిని వెనక్కి లాగుతాయి.

ప్రాంగణంలో రెండు గంటలు తిరిగితే ఈ అనుమానాల్లో కొన్ని తొలగిపోతాయి, కొన్ని స్పష్టమైన ప్రశ్నలుగా మారతాయి. సైకిల్ మీద తరగతికి వెళ్లే విద్యార్థి, గ్రంథాలయంలో తలవంచుకుని చదువుకునే అమ్మాయి, వసతి గృహం ముందు సొంత భాషలో కబుర్లు చెప్పుకునే బృందం కనిపిస్తే, అది తనకూ సాధ్యమేనన్న ధైర్యం కలుగుతుంది. ఇంటర్మీడియట్ చదివే విద్యార్థికి సివిల్ ఇంజినీరింగ్ అంటే ఒక శాఖ పేరు. కాంక్రీటు దిమ్మెను యంత్రంలో పెట్టి పగిలేదాకా ఒత్తిడి పెంచే పరీక్షను ప్రయోగశాలలో చూసిన తర్వాత అది ఒక పని అవుతుంది. నచ్చడమో నచ్చకపోవడమో అప్పుడే తేలుతుంది.

ఈ ప్రభావాన్ని అమెరికాలోని ఆర్కన్సాస్ రాష్ట్రంలో పరిశోధకులు శాస్త్రీయంగా పరీక్షించారు. 15 పాఠశాలలకు చెందిన 885 మంది ఎనిమిదో తరగతి విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విభజించారు. ఒక బృందానికి కళాశాల విద్య గురించిన సమాచార పత్రాలు మాత్రమే అందించారు. రెండో బృందానికి ఆ పత్రాలతో పాటు రాష్ట్ర ప్రధాన విశ్వవిద్యాలయాన్ని మూడుసార్లు చూపించారు. ప్రాంగణం చూసిన విద్యార్థుల్లో కళాశాల విద్యపై అవగాహన, చదువు పట్ల శ్రద్ధ మెరుగుపడినట్లు ఆ అధ్యయనం గుర్తించింది. కళాశాల విషయాలను పాఠశాల సిబ్బందితో మాట్లాడాలన్న ఆసక్తి కూడా వారిలో పెరిగింది. రెండు బృందాలకూ అందిన కాగితం ఒకటే. ప్రాంగణం చూపించడమే వాటి మధ్య తేడా.

మబ్బు పట్టిన రోజు చెప్పిన పాఠం

అయితే కంటికి కనిపించినదంతా సరైన ఆధారం కాదు. అమెరికాకే చెందిన మరో అధ్యయనం ఈ సంగతిని ఆసక్తికరంగా చూపింది. పరిశోధకుడు యూరి సైమన్సన్ 2010లో ఒక ఆర్థికశాస్త్ర పత్రికలో దీనిని ప్రచురించారు. చదువులో కఠినత్వానికి పేరుపొందిన ఒక విద్యాసంస్థను సందర్శించిన 1,284 మంది నిర్ణయాలను, వారు వచ్చిన రోజు ఆకాశ పరిస్థితితో ఆయన పోల్చిచూశారు. మబ్బు ఎక్కువగా ఉన్న రోజున వచ్చినవారే అక్కడ చేరడానికి ఎక్కువగా మొగ్గారు. గణాంకశాస్త్ర కొలమానం ప్రకారం మబ్బు ఒక మెట్టు పెరిగితే, చేరే అవకాశం 9 శాతం పాయింట్లు పెరిగింది.

ఎండ కాసే రోజున మనసు ఆటల మీదికి, షికార్ల మీదికి పోతుంది. మబ్బు పట్టిన రోజున చదువు మరింత ఆకర్షణీయంగా తోస్తుంది. ఆ ఒక్క రోజు మనఃస్థితినే విద్యార్థి రాబోయే నాలుగేళ్లకూ అన్వయించుకుంటాడన్నది ఈ అధ్యయనం ఇచ్చే వివరణ. కళాశాల మారలేదు, బోధన మారలేదు, వాతావరణం మారినంత మాత్రాన నిర్ణయం మారింది. మన దేశంలో ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ సాగేది జూన్, జులై నెలల్లో. సూరత్‌లోనైనా వరంగల్‌లోనైనా నైరుతి రుతుపవనాలు ప్రవేశించే కాలమది. తొలకరి తర్వాత పచ్చబడిన ప్రాంగణం ఒకరికి నచ్చవచ్చు, బురదలో నడిచివెళ్లిన మరొకరికి అదే ప్రాంగణం నచ్చకపోవచ్చు. ఈ రెండింటిలో ఏదీ చదువు నాణ్యతను తెలపదు.

వాతావరణం ఎవరి చేతిలోనూ ఉండదు. ఏర్పాటుచేసిన సందర్శన మాత్రం ఒకరి చేతిలోనే ఉంటుంది. తెలుగు రాష్ట్రాల్లోని ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల్లో 30 శాతం సీట్లు యాజమాన్య కోటా కిందికి వస్తాయి. ఆ సీట్ల కోసం ప్రవేశాల వేళ మధ్యవర్తులు, ప్రజాసంబంధాల ప్రతినిధులు తల్లిదండ్రులను కలవడం అక్కడివారికి కొత్త కాదు. ఇలాంటి సందర్శనలో కొత్త భవనం, చల్లని సమావేశ మందిరం, ఎంపికచేసిన ప్రయోగశాల, అత్యధిక వేతనం పొందిన విద్యార్థి ఫొటో ముందుగా కనిపిస్తాయి. వాటిని చూడటంలో తప్పులేదు. వాటితోనే ఆగిపోతే, పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సంగతి చేరిన తర్వాత గాని తెలియదు.

చూడటానికి ముందే తేల్చుకోవలసినవి

ప్రాంగణం ఎంత నచ్చినా అక్కడ సీటుకు ఉన్న అర్హతను నిబంధనలే నిర్ణయిస్తాయి. వలస కుటుంబాల విషయంలో ఇది మరీ ముఖ్యం. జాతీయ సాంకేతిక విద్యాసంస్థల్లో సగం సీట్లు సొంత రాష్ట్రపు అభ్యర్థులకు కేటాయిస్తారు. ఈ సొంత రాష్ట్రం అన్నది మాతృభాషను బట్టో, తాతల ఊరిని బట్టో నిర్ణయం కాదు. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణులయ్యారన్నదే ప్రమాణం. జోల్వాలో ఉంటూ గుజరాత్‌లో పన్నెండో తరగతి పూర్తిచేసిన తెలుగు విద్యార్థికి సూరత్ సంస్థ సొంత రాష్ట్రపు సంస్థ అవుతుంది. వరంగల్ సంస్థలో ఆ విద్యార్థి ఇతర రాష్ట్రాల కోటా కింద పోటీపడాలి. రెండు సంస్థలకూ దాదాపు ఒకే చరిత్ర ఉంది. వరంగల్ సంస్థకు 1959లో, సూరత్ సంస్థకు 1961లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలలుగా పునాది పడింది. ఆ తరహా కళాశాలలే తరవాత జాతీయ సాంకేతిక విద్యాసంస్థలుగా మారాయి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల ప్రవేశ పరీక్షల్లోనూ స్థానికత కీలకం. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుల కాలం నుంచీ, విద్యార్థి ఎక్కడ చదివాడు, ఎక్కడ నివసించాడు అన్న అంశాల ఆధారంగానే స్థానికతను లెక్కిస్తున్నారు. అందువల్ల సూరత్‌లో చదివిన విద్యార్థి కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో కళాశాల చూడటానికి రైలెక్కే ముందే ఆ ఏడాది నిబంధనల ప్రకారం తన అర్హత ఏమిటో తెలుసుకోవాలి. గుజరాత్‌లోని వృత్తివిద్యా ప్రవేశాల కమిటీ బోర్డు పరీక్ష మార్కులనూ గుజ్‌సెట్ ఫలితాన్నీ కలిపి ఇంజినీరింగ్ సీట్లు కేటాయిస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల డిగ్రీ కోర్సులకు 2024 నుంచి ఉమ్మడి ప్రవేశ పోర్టల్ అమలులోకి వచ్చింది. సూరత్ కేంద్రంగా 1965లో ఏర్పడిన వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం ఈ పరిధిలోనిదే.

సందర్శన ఎప్పుడు జరగాలన్నదీ అంతే ముఖ్యం. ఐఐటీలు, ఎన్‌ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్‌లో విద్యార్థి తన ప్రాధాన్య క్రమాన్ని ఒక్కసారే ఖరారు చేయాలి. తర్వాతి విడతల్లో ఆ క్రమాన్ని తిరగరాసే వీలు ఉండదు. వచ్చిన సీటుతో తృప్తిపడటం, అదే సంస్థలో మెరుగైన శాఖ కోసం వేచిచూడటం, జాబితాలో పైనున్న ఏ సీటు కోసమైనా వేచిచూడటం అన్న మూడు దారులు మాత్రమే మిగులుతాయి. జాబితా ఖరారైన తర్వాత ప్రాంగణం చూసి మనసు మార్చుకున్నా ప్రయోజనం స్వల్పం. రాష్ట్రాల కౌన్సెలింగ్‌లో విడతల మధ్య వెబ్ ఆప్షన్లు మళ్లీ ఇచ్చుకునే అవకాశం సాధారణంగా ఉంటుంది. అయినా తొలి విడత నాటికే చూసి ఉండటం మేలు. పదకొండో తరగతి వేసవి సెలవులు, పన్నెండో తరగతిలోని పండుగ సెలవులకు ముందూ వెనుకా వచ్చే పనిదినాలు ఇందుకు అనువైనవి.

పనిదినాన చూడాలి, విద్యార్థులను అడగాలి

ప్రాంగణాన్ని ఉత్సవం రోజున చూడటం వేరు, మామూలు మంగళవారం చూడటం వేరు. కళాశాల అసలు రూపు పనిదినాన మధ్యాహ్నం రెండు గంటలకు కనిపిస్తుంది. ప్రయోగశాలకు తాళం వేసి ఉందా, లోపల విద్యార్థులు పనిచేస్తున్నారా? యంత్రాలపై దుమ్ము పేరుకుందా? తరగతి గదిలో అధ్యాపకుడు ఉన్నాడా? గ్రంథాలయం సాయంత్రం ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుంది? ఈ నాలుగింటికీ జవాబులు దొరికితే సగం సంగతి తెలిసినట్లే.

మిగతా సగం సంగతి చెప్పగలిగేది అక్కడ చదువుతున్నవారే. కళాశాల నియమించిన మార్గదర్శితో కాకుండా క్యాంటీన్ దగ్గర, బస్సు స్టాపు దగ్గర కనిపించే రెండో, మూడో సంవత్సరం విద్యార్థులతో మాట్లాడాలి. కళాశాల బాగుందా అని అడిగితే బాగుందనే జవాబే వస్తుంది. గత వారం ఎన్ని తరగతులు జరిగాయి, ఏ పాఠ్యాంశానికి అధ్యాపకుడు లేడు, ప్రకటించిన ఫీజు కాకుండా ఇంకేమేమి కట్టారు, జ్వరం వస్తే ఎక్కడికి తీసుకెళ్లారు అని అడిగితే నిజమైన సమాచారం బయటికి వస్తుంది. పై తరగతులవారి వేధింపుల గురించి సంకోచం లేకుండా అడగాలి. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2009లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక నిబంధనలు ఉన్నత విద్యాసంస్థలన్నింటికీ వర్తిస్తాయి. 1800-180-5522 నంబరు జాతీయ సహాయ కేంద్రం ఫిర్యాదులను స్వీకరిస్తుంది. ఆ నంబరు ప్రాంగణంలో అందరికీ కనిపించేలా రాసి ఉందో లేదో చూడటం కూడా ఒక పరీక్షే.

ఆడపిల్లల విషయంలో కుటుంబాలు ముందుగా అడిగేది భద్రత గురించే. దీనికి గేటు దగ్గరి కాపలాదారు ఒక్కడే కొలమానం కాదు. ప్రయోగశాల తరగతి ముగిసే వేళకు బస్సు దొరుకుతుందా, బస్సు దిగిన చోటు నుంచి ఇంటిదాకా దారిలో దీపాలు ఉన్నాయా, మహిళల మరుగుదొడ్లు వాడుకునే స్థితిలో ఉన్నాయా అన్నవి రోజూ ఎదురయ్యే విషయాలు. రోజూ ఇంటి నుంచి వెళ్లివచ్చే విద్యార్థులు తాము ప్రయాణించబోయే బస్సులోనే సందర్శనకు వెళితే, దారిలో పట్టే సమయం, ఖర్చు, అలసట ముందే అర్థమవుతాయి.

కంటికి కనిపించనివి

ప్రాంగణంలో ఎంత తిరిగినా కొన్ని విషయాలు కనిపించవు. అధ్యాపకుల సంఖ్య, కోర్సు గుర్తింపు, ఉద్యోగాల వాస్తవ లెక్క కాగితంలోనే ఉంటాయి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి ఆమోదం పొందిన కళాశాలలు ఫీజులు, అధ్యాపకులు, సౌకర్యాల వివరాలను తమ వెబ్‌సైట్‌లో విధిగా వెల్లడించాలి. 1994లో ఏర్పడిన న్యాక్ మొత్తం విద్యాసంస్థను మదింపు చేస్తుంది. ఎన్‌బీఏ మాత్రం ఒక్కో కోర్సుకు విడిగా గుర్తింపునిస్తుంది. కళాశాలకు మంచి గ్రేడు ఉన్నంత మాత్రాన విద్యార్థి కోరుకున్న శాఖకు ఎన్‌బీఏ గుర్తింపు ఉన్నట్లు కాదు.

ఉద్యోగాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. గోడమీది ఫొటో అత్యధిక వేతనాన్ని చూపుతుంది. 2016లో తొలి జాబితా వెలువడిన ఎన్‌ఐఆర్‌ఎఫ్ జాతీయ ర్యాంకుల కోసం విద్యాసంస్థలు సమర్పించే పత్రాల్లో ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, మీడియన్ వేతనం ఎంత అన్న వివరాలు ఉంటాయి. ఉద్యోగం పొందినవారందరినీ జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యన ఉన్న విద్యార్థి జీతమే మీడియన్. ఒకరికి దక్కిన భారీ జీతం కంటే ఈ మధ్య సంఖ్యే సామాన్య విద్యార్థి భవిష్యత్తుకు దగ్గరగా ఉంటుంది.

ఫీజు విషయంలోనూ పైచూపు మోసం చేస్తుంది. పెద్ద గేటు, విశాలమైన ప్రాంగణం చూసి ఇది మన స్థోమతకు మించినదని వెనుదిరిగే కుటుంబాలకు తెలియవలసిన విషయం ఒకటుంది. ఎన్‌ఐటీల బీటెక్ కోర్సుల్లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకూ, వార్షిక ఆదాయం లక్ష రూపాయల లోపు ఉన్న కుటుంబాల పిల్లలకూ బోధనా రుసుము పూర్తిగా మినహాయిస్తారు. లక్ష నుంచి 5 లక్షల రూపాయల ఆదాయం ఉన్నవారికి మూడింట రెండు వంతులు మినహాయిస్తారు. వసతి, భోజనం ఖర్చులు వేరు. ఆదాయ ధ్రువపత్రం సకాలంలో సిద్ధం చేసుకున్న మగ్గం కార్మికుడి బిడ్డకు, బయటికి సామాన్యంగా కనిపించే ప్రైవేటు కళాశాల కంటే ఘనంగా కనిపించే ప్రభుత్వ విద్యాసంస్థే తక్కువ ఖర్చులో దొరకవచ్చు.

చూడలేనివారి మాటేమిటి?

సందర్శన ఉపయోగకరమని చెప్పడం తేలిక. ఉత్పత్తిని బట్టి కూలి అందే కుటుంబంలో తండ్రి ఒక రోజు షిఫ్టు వదులుకుంటే ఆ రోజు ఆదాయం పోతుంది. వేయి కిలోమీటర్ల దూరానికైతే రానుపోను ప్రయాణానికే రెండు మూడు రోజులు పడుతుంది. చూసి ఎంచుకునే స్థోమత ఉన్నవారికీ, చూడకుండానే చేరవలసి వచ్చేవారికీ మధ్య అసమానత ఇక్కడే మొదలవుతుంది. ధైర్యం అత్యవసరమైన విద్యార్థికే దానిని ఇవ్వగల అవకాశం దూరమవుతోంది.

ఈ లోటును తీర్చగలిగేవి పాఠశాలలే. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీతో పాటు తెలుగు, మరాఠీ, ఒడియా, ఉర్దూ, హిందీ మాధ్యమాల్లోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఆ తరగతుల నుంచే పిల్లలను ఏడాదికి ఒకసారి దగ్గరలోని కళాశాలకు బృందంగా తీసుకెళ్లడానికి అయ్యే ఖర్చు ఒక బస్సు అద్దె. ఆర్కన్సాస్ అధ్యయనం ఎనిమిదో తరగతి పిల్లలపై జరగడం ఇక్కడ గుర్తుంచుకోదగినది. ఆప్షన్లు పెట్టే వయసు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం సందర్భంగా, సెప్టెంబరు 26న శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి వ్యవస్థాపక దినోత్సవం సందర్భంగా పలు పరిశోధన సంస్థలు విద్యార్థులకు తలుపులు తెరుస్తాయి. ఎన్‌ఐటీల సాంకేతిక ఉత్సవాలు కూడా బయటి విద్యార్థులను ఆహ్వానిస్తాయి. వరంగల్‌లో టెక్నోజియాన్, సూరత్‌లో మైండ్‌బెండ్ అలాంటివే.

వెళ్లే దారే లేనప్పుడు అదే ఊరివాడో, అదే పాఠశాలలో చదివినవాడో ఆ కళాశాలలో ఉంటే ఫోన్ చేసి మాట్లాడవచ్చు. ఒకరి మాటతో సరిపెట్టుకోకుండా వేర్వేరు శాఖల్లో చదివే ఇద్దరు ముగ్గురిని అడగాలి. వీడియోలో చూపించమంటే ప్రధాన ద్వారాన్ని కాకుండా ప్రయోగశాలను, వసతి గృహపు గదిని, భోజనశాలను చూపించమనాలి. బంధువు చెప్పిన మాటకు తేదీ ఉండాలి. పదేళ్ల కిందట అక్కడ చదివినవారి అనుభవం నేటి కళాశాలకు పూర్తిగా వర్తించదు.

చేరిన తర్వాత తప్పు తెలిస్తే ఏమిటి? డబ్బు కట్టేశామన్న ఒక్క కారణంతో నచ్చని చోట కొనసాగవలసిన అవసరం లేదు. 2024-25 విద్యా సంవత్సరానికి విశ్వవిద్యాలయాల నిధుల సంఘం ప్రకటించిన విధానం ప్రకారం, 2024 సెప్టెంబరు 30లోగా ప్రవేశం రద్దుచేసుకున్నవారికి పూర్తి ఫీజు, అక్టోబరు 31లోగా రద్దుచేసుకున్నవారికి 1,000 రూపాయలకు మించని మినహాయింపుతో మిగిలిన మొత్తం తిరిగి చెల్లించాలి. గడువు తేదీలు ఏటా మారతాయి కాబట్టి, చేరే ముందే ఆ ఏడాది ఉత్తర్వులు చూసుకోవాలి. విద్యార్థుల అసలు ధ్రువపత్రాలను సంస్థలు తమ దగ్గరే ఉంచుకోరాదని కూడా ఆ సంఘం 2018లో స్పష్టంచేసింది.

సందర్శన పూర్తయిన సాయంత్రమే నిర్ణయం తీసుకోకపోవడం మంచిది. చూసినవి, విన్నవి, కాగితంలో దొరికినవి మూడు వరుసలుగా రాసుకుని రెండు రోజుల తర్వాత చదివితే, మబ్బు వల్లనో ఎండ వల్లనో కలిగిన అభిప్రాయం పలచబడుతుంది. తాళం వేసిన ప్రయోగశాల, అధ్యాపకుడు లేని తరగతి, ఆఖరి బస్సు వేళ అప్పటికీ కాగితం మీద ఉంటాయి. జోల్వా నుంచి బయలుదేరే విద్యార్థి దగ్గరి కళాశాలలో చేరినా దూరపు కళాశాలకు వెళ్లినా, ఆప్షన్ల జాబితాలో మొదటి పేరు రాసేముందు ఈ మూడు వరుసలూ ఇంటిల్లిపాదీ కలిసి చదువుకోవడం అవసరం.